ఎనిమిది బిందెల మడి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మార్కెట్లో టమోటాలు ఏరుకుంటా ఉంటే వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టి లాగినారు. నాకు ముక్కు మీద కోపం, మా ఇంటాయన ఇరవై రెండేండ్లుగా ఆ మాట చెప్తానే ఉండాడు. తిట్టడానికని నోరు తెరుచుకునే తిరిగినాను. చూస్తే నేను పని చేసిన కూరగాయల తోటలో చిన్నక్క. నాకంటే పదేండ్లు చిన్నది. అయినా తోటలో అందరూ చిన్నక్క అంటారని నేనూ చిన్నక్కా అనే పిలిచేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది, ఎవరు ఎవరికి అక్కో చూసేవాళ్లకు తెలిసేది కాదు. మూడేండ్లయింది ఒకరి మొగం ఒకరు చూసి. బాగుండావా అని గూడా అడగలేదు ఆయమ్మ. "ఖాలా పోయిందక్కా. నీకెవురూ చెప్పలేదా?" అనింది. నేను చేతిలో ఉన్న టమోటా చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయినాను. "వచ్చే గురువారం నలభయ్యో దినం. ఊర్లోనే చేస్తాండారు. వస్తే రా, మనోళ్లంతా వస్తారు" అని చెప్పి, తన గంప ఎవరికో అప్పజెప్పి వచ్చిందేమో, గబగబా పోయింది. నేను తూకం వేయించిన టమోటాలు అంగడామె దగ్గరే వదిలేసి ఇంటికొచ్చినాను. మా ఇంటాయన సంచీ చూసి, నన్ను చూసి, ఏమీ అడగకుండా తానే పోయి తెచ్చినాడు.

ఖాలా అంటే ముస్లిముల్లో పిన్నమ్మ. ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ, ఆధార్ కార్డులో తప్ప ఎవరి నోట్లోనూ అది ఉండేది కాదు. హిందువులైనా, చర్చికి పోయేవాళ్లైనా, ఆమె కంటే పెద్దవాళ్లైనా సరే, అందరికీ ఆమె ఖాలానే. బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే రోడ్డు మీద దిగి, లోపలికి ఒక మైలు నడిస్తే ఆ తోట. పంచాయితీ వాళ్లు ఇచ్చిన మూడెకరాల గరుసు నేల. పద్నాలుగు మంది ఆడవాళ్లు కలిసి కూరగాయలు పండించుకునేవాళ్లు. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు కంచె వేయించి, విత్తనాలిచ్చి, పైన చూసుకుంటా ఉండిరి. పద్నాలుగు మందికీ పెద్ద ఖాలా. ఎవరూ ఎన్నుకోలేదు, ఆమె నిలబడలేదు. ఆమె మాట్లాడితే మిగతావాళ్లు గమ్మునుంటారు, అంతే.

నేను అక్కడికి చేరిన కథ చెప్తే నవ్వుతారు. నేను అనంతపురంలో ఒక డీటీపీ సెంటర్లో ఇరవయ్యేండ్లు టైపు చేసినాను. పెండ్లిపత్రికలు, కర్మక్రియల కార్డులు, కోర్టు కాయితాలు, ఎవురికేం కావాలన్నా టైపు చేసిచ్చేది. ఒక దినం ఆ సంస్థ వాళ్లు ఒక కరపత్రం తెచ్చినారు. 'సామూహిక కూరగాయల తోటలో ఇంటర్న్‌లు కావలెను. ఆరు నెలలు. వయసుతో నిమిత్తం లేదు.' అందులో పదకొండు అచ్చుతప్పులు ఉంటే అన్నీ దిద్దినాను. దిద్దుతా దిద్దుతా ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది, వయసుతో నిమిత్తం లేదు. ఐదు నూర్ల కాపీలు తీసిచ్చి, ఒక కాపీ నేను ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి నాకు నలభై ఆరు. అప్లికేషన్లో 'మీ భవిష్యత్ లక్ష్యాలు' అని ఒక గడి ఉంటే, ఏం రాయాలో తెలీక 'ఎండలో పని చేయగలను' అని రాసినాను. దానికే నన్ను తీసుకున్నారు. నాతోపాటు చేరిన ఇద్దరు కాలేజీ పిల్లలు మార్చి ఎండకు తాళలేక సెల్‌ఫోన్లు చేతపట్టుకుని పారిపోయినారు. నేను మాత్రం మిగిలినాను. తోటలో నాకు టైపక్క అని పేరు పెట్టినారు.

నేను ఎందుకు పోయినానో గూడా చెప్పాల. మా పాప పోయి అప్పటికి రెండేండ్లు. పన్నెండేండ్ల బిడ్డ. జరమొచ్చింది. మామూలు జరమే కదా, బడి ఎగ్గొట్టడానికి రవ్వంత ఎక్కువ మూలుగుతా ఉందిలే అనుకుని రెండు దినాలు ఇంట్లోనే మాత్రలు వేసినాను. మూడో దినం ఆస్పత్రికి తీసుకుపోతే, 'ముందే తేవాల్సింది' అన్నారు. ఆ రెండు దినాలు నావి. ఇంకెవరివీ కావు. మా ఇంటాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, ఒక్క మాటా అనలేదు నన్ను. అననూ లేదు, మాట్లాడనూ లేదు. రెండేండ్లు ఆ ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడింది. అందుకని పోయినాను. ఎండలో పడి, వంగి పని చేసి, సొమ్మసిల్లి నిద్రపోతే చాలనుకున్నాను. కూరగాయల మీద ప్రేమ ఏమీ లేదు నాకు.

మొదటి దినమే నాకొక మడి చూపించినారు. నాలుగు మంచాలు వేసేంత జాగా. వంగనారు నలభై మొక్కలు ఇచ్చి, "మాపటేళ నాటు, ఎండ తగ్గినాక" అనింది ఖాలా. నాకేమో నాలుగ్గంటల బస్సు పట్టుకోవాల, ఇంట్లో వంట. మధ్యాన్నమే నాటి, నీళ్లు పోసి, చేతులు కడుక్కుని పోయినాను. రెండు దినాలకు నలభై మొక్కలూ తల వాల్చి మట్టిలో పడిపోయినాయి. నేను ఆ మడి గట్టు మీద కూలబడి ఏడ్చినాను. చుట్టూ అందరూ ఉన్నారని గూడా లేదు. "నా చేతిలో ఏదీ బతకదు ఖాలా" అన్నాను. ఆ మాటకు ముందు గానీ తర్వాత గానీ పాప గురించి నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు, కానీ ఊర్లలో చెప్పకపోతే తెలీకుండా ఉంటుందా. ఖాలా వచ్చి నా ఎదురుగా కూర్చునింది. ఓదార్చే మనిషి కాదు ఆమె. "కండ్లనీళ్లు పోస్తే నారు లేస్తాదా? లెయ్. రేపు మల్లా నారిస్తా. రేపు నీ బస్సు పోగొట్టుకో" అనింది.

మరుసటి దినం నిజంగానే బస్సు పోగొట్టుకున్నాను. పొద్దు వాలినాక ఇద్దరమూ కలిసి నాటినాము. వేర్ల చుట్టూ మట్టి ఎంత గట్టిగా నొక్కాలో, నా చేతి మీద తన చెయ్యి పెట్టి చూపించింది. ఆ దినం వాళ్లింట్లోనే సంగటి, ఊరుబిండి తిని పడుకున్నాను. రెండేండ్లలో తెల్లవార్లూ నిద్రపోయింది ఆ ఒక్క దినమే. ఆమె పొద్దున లేపినప్పుడు నేనెక్కడుండానో ఒక్క క్షణం తెలీలేదు, పాప కూడా గుర్తు రాలేదు. గుర్తొచ్చినాక, ఎట్ల మర్చిపోయినానని నన్ను నేనే తిట్టుకున్నాను.

నీళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. తోటలో ఉన్నది ఒకటే బోరు. ఎండలు ముదిరేకొద్దీ అది ముక్కాలు గంట పోసి గాలి పట్టేది. మల్లా ఊట ఊరేదాకా ఆపాల. ఆ నీళ్లన్నీ ఒక సిమెంటు తొట్టిలోకి పట్టి, దానికి రేకు మూత, మూతకు తాళం, తాళంచెవి ఖాలా కొంగు ముడిలో. ఏప్రిల్ వచ్చేసరికి మడికి దినానికి ఎనిమిది బిందెలని తీర్మానమయింది. ప్రతి మడి గట్టు మీద ఎనిమిది గులకరాళ్లు ఉంటాయి. బిందె పోసినప్పుడల్లా ఒక రాయి ఈ పక్క నుంచి ఆ పక్కకు జరపాల. చదువు రానివాళ్లకూ, చదువొచ్చి మతిమరుపున్న నాలాంటోళ్లకూ అదే లెక్క. దాని మీద ఇంకొక కట్టుబాటు ఉండింది. ఎవరి నీళ్లు వాళ్ల మడికే. మొదటి ఏడు వదినకు ఆడబిడ్డ పోసిందనీ, ఫలానా వాళ్లు వాళ్ల కులపోళ్లకే పోసుకుంటాండారనీ కొట్లాట జరిగి, తోట మూతపడే కాడికి వచ్చిందంట. అప్పుడు ఖాలానే పెట్టింది ఆ కట్టు. తన వంతు నీళ్లే అయినా సరే, ఇంకొకరి మడికి పోస్తే పోసినామె ఏడాది పాటు మడి వదులుకోవాల. తెలిసీ పోయించుకున్నామె గూడా వదులుకోవాల. అది పెట్టినాక మల్లా గొడవ లేదు.

ఖాలా నాకు నేర్పింది శానా ఉంది, కానీ అన్నిటికంటే ముందు నేర్పింది వేలు పెట్టడం. పొద్దున్నే మొక్క మొదట్లో చూపుడువేలు రెండు కణుపులు దించాల. పైన ఎండిపోయినట్టు కనపడే మట్టి లోపల తడిగా ఉండొచ్చు, పైన తడిగా ఉన్నది లోపల బూడిదై ఉండొచ్చు. "కన్ను మోసం చేస్తాది, వేలు చెయ్యదు" అనేది. ఆరు నెలలు నా చూపుడువేలి గోరు కింద నలుపు పోలేదు. బస్సులో ఎవరైనా చూస్తే మొదట్లో దాచుకునేదాన్ని, తర్వాత్తర్వాత కనపడేటట్టు పైకడ్డీ పట్టుకుని నిలబడేదాన్ని.

సంస్థ మేడం నెలకొకసారి వచ్చి మాకు పాఠాలు చెప్పేది. అందులో ఒకటి, మొక్కల మొదట్లో శెనక్కాయ పొట్టు కప్పితే తడి ఆరదని. మాది శెనక్కాయ సీమ, పొట్టుకేం కరువు. నేను మూటలు మూటలు మోసుకొచ్చి నా మడంతా కప్పినాను. అప్పటి నుంచి నా మడి చూడాల మీరు. అందరి మడులూ మధ్యాన్నానికి వాడిపోయి చెవులు వేలాడేస్తా ఉంటే, నా వంగచెట్లు మాత్రం నిటారుగా నిలబడేవి. ఆకులు నా అరచెయ్యంత. పూత మొదలయింది. ఊదారంగు పూలు. మొదటి పిందె చూసిన దినం నేను బస్సులో పక్కనున్న ముక్కూమొగం తెలీని ఆమెకు గూడా చెప్పినాను. తోట చూడ్డానికి ఎవరైనా వస్తే మేడం నన్నే పిలిచేది. నేను కొంగు నడుముకు చెక్కి, పొట్టు గొప్పతనం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఖాలా దూరంగా కూర్చుని తల వంచుకుని గడ్డి పీకుతా ఉండేది.

ఆమె మిరప మడి మాత్రం ఎండిపోతా వచ్చింది. "ఏం ఖాలా, నీ చెట్లట్ల వాడిపోయినాయి?" అని అడిగితే, "కాళ్లు నొప్పులు. బిందెలు మోయలేకుండా ఉండా" అనింది. "నేను పోస్తాలే" అంటే, "కట్టు తప్పుతావా? నీ మడి నువ్వు చూసుకో" అని కసురుకునింది. సరే, పెద్దామె అనుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది మూడేండ్లు మా ఇంటాయనకు గూడా చెప్పలేదు. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున నేను మొదటి బస్సుకే వచ్చినాను. ఎవరూ రాలేదింకా. అలవాటు ప్రకారం పొట్టు తప్పించి వేలు దించినాను. రెండు కణుపులూ బురద. నేను నీళ్లు పోసింది ముందు దినం పన్నెండు గంటలకు. ఆ ఎండకు, ఆ గరుసు నేలలో, ఎనిమిది బిందెలు అంత తడి నిలవవు. అది నాకు తెలుసు. పక్కకు చూస్తే గట్టు మీద మెత్తటి మట్టిలో బిందె అడుగు గుర్తు, గుండ్రంగా, పచ్చిగా. నా బిందె కాదు, నాది మడి మొదట్లో పెడతాను. నేను నాలుగ్గంటల బస్సుకు పోయినాక పొద్దుగుంకేదాకా ఇక్కడుండేది ఖాలా ఒక్కతే. తాళంచెవి ఆమె దగ్గరే. నేను ఆ గుర్తును చూస్తా శానాసేపు నిలబడినాను. తర్వాత చెప్పు కాలితో దాన్ని చెరిపేసినాను.

ఎందుకు చెరిపినానో చెప్తా. చెప్పినానంటే కట్టు ప్రకారం ఇద్దరి మడులూ పోతాయని భయపడినాను, అదొకటి. దానికంటే పెద్దది ఇంకొకటి. ఆ చెట్లు నా చేతి మీద బతికినాయని నేను నమ్మినాను. ఆ నమ్మకం మీదే నెల రోజులుగా అన్నం తింటాండా, నవ్వుతాండా, పాప ఫొటోకు ఎదురుగా నిలబడగలుగుతాండా. అది నా గొప్ప కాదు, ఎవరో పోసిన నీళ్లని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. పొట్టు వల్లే అయ్యుంటాదిలే అనుకున్నాను. ఒక వారానికి అదే నిజమని నమ్మేసినాను గూడా. మనిషి తలుచుకుంటే ఏమైనా నమ్మగలడు.

మే నెలలో బోరు ఇంకా తగ్గింది. అందరమూ తొట్టి దగ్గర నీడలో కూర్చున్నాము. ఏ మడులు వదిలేయాల, ఏవి నిలబెట్టుకోవాల అని మాట్లాడుకుంటా ఉంటే, నేను లేచి నిలబడి చెప్పినాను, ఏ మడీ వదలద్దు, అందరమూ పొట్టు కప్పుకుందాము, ఎనిమిది బిందెలు కాస్తా నాలుగు చేసుకుందాము అని. ఖాలా వెంటనే అడ్డం పడింది. "పొట్టు మంచిదే, కాదన్లేదు. ఉండే నీళ్లను కాపాడతాది గానీ, లేని నీళ్లను కంటాదా? తొందరపడొద్దండి. ఒక వారం చూసి తగ్గిద్దాం" అనింది. నేను ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేనెందుకవుతాను. "నా మడి చూడు ఖాలా. నాకూ అందరి మాదిరే ఎనిమిదే కదా. ఎట్ల పచ్చగుండాదో చూడు. పొట్టు కాకపోతే మరేముండాది అందులో?" అన్నాను.

ఆమె నా మొగం చూసింది. కోపంగా కాదు. ఏదో అడగాలనుకుని, అడగలేక చూసినట్టు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. అంత మొండిదాన్ని నేను. చివరికి ఆమే తల దించుకుని, "అట్లనే కానీండి" అనింది. ఆమె నీళ్లతో ఆమెనే గెలిచినాను ఆ దినం.

తొమ్మిది దినాలు పట్టింది. అందరూ పొట్టు కప్పినారు, నాలుగు బిందెలే పోసినారు. బెండ ముందు పోయింది, తర్వాత చిక్కుడు పాదులు. చిన్నక్క మడిలో టమోటా కాయలు పచ్చివే ముడుచుకుని, తొడిమె దగ్గర ఊడి రాలిపోయినాయి. ఆయమ్మ వాటిని ఒళ్లో పోసుకుని మా అందరి మధ్యకు వచ్చి, నేల మీద కుమ్మరించింది. ఖాలా మిరప మడి నిలువునా కట్టెలయింది. నా వంగ మడి మాత్రం అట్లనే ఉండింది. పిందెలు కాయలయినాయి.

"టైపక్క మడి ఒక్కటే ఎట్లుండాది? మాకంతా పొట్టు, ఆయమ్మకేమన్నా బంగారమా?" అనింది చిన్నక్క. అందరూ నా వైపు తిరిగినారు. అప్పుడు ఖాలా, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి తొట్టి మూత మీద పెట్టింది. "నేను పోసినా. నా బిందెల్లో నాలుగు. నాలుగు బిందెలు చేసుకున్యాక, ఉండే నాలుగూ. తప్పు నాది. నా మడి వదుల్తాండా" అనింది. పక్కనున్న ఒకామె నన్నడిగింది, "నీకు తెల్సా అక్కా?" అని.

"తెలీదు" అన్నాను.

ఆ తర్వాత నేను ఇంకో రెండు నెలలు ఆ తోటలోనే పని చేసినాను. నా మడి నాకే ఉండింది. ఖాలా మడి వేరే ఆమెకు పోయింది. ఖాలా మాత్రం రావడం మానలేదు. కట్టు ప్రకారం ఏడాది మడిలో చెయ్యి పెట్టకూడదు, కాబట్టి కంచె బయట వేపచెట్టు కింద ఒక గోనెసంచి పరుచుకుని కూర్చునేది. అక్కడి నుంచే అరుస్తా అందరికీ పనులు చెప్పేది. నేను లోపలికి పోతా ఆమెను దాటుకునే పోవాల. ఏ దినమూ మొగం తిప్పుకోలేదు. "వేలు పెట్టి చూసినావా?" అని మామూలుగానే అడిగేది. చూసినానని నేను గబగబా పోయేదాన్ని. ఎన్నిసార్లో ఆ గోనె మీద ఆమె పక్కన కూర్చుని చెప్పేద్దామనుకున్నాను. ఈ దినం కాదులే, బస్సుకు టైమయింది, రేపు అనుకునేది.

వానలు పడినాయి. నా మడిలో కాయలు తెంపి మొదటిసారి ఇంటికి తెచ్చిన దినం గుత్తొంకాయ చేసినాను. మా ఇంటాయన రెండు ముద్దలు తిని ఆగి, "పాప ఉంటే ఒక్కతే అన్నీ తినేది" అన్నాడు. రెండేండ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ మాట అదే మొదటిసారి వినపడింది. ఇద్దరమూ అన్నం పళ్లేల ముందే కూర్చుని ఏడ్చినాము. ఆ దినం నుంచి మేము మల్లా మాట్లాడుకుంటాండాము. అన్నీ సరిపోయినాయని కాదు. మాట్లాడుకుంటాండాము, అంతే. ఆ కాయలెవరి నీళ్లతో కాసినాయో నాకు తెలుసు, ఆయనకు తెలీదు.

జూలై చివర్లో సర్టిఫికెట్టు ఇచ్చేముందు మేడం ఒక ఫారం ఇచ్చింది. 'ఈ ఇంటర్న్‌షిప్ వలన మీరు వ్యక్తిగతంగా పొందిన ప్రయోజనాలు' అని పైన, కింద పది గీతలు. టైపు చేసి చేసి అలవాటు కదా, నేను గీత వదలకుండా నింపినాను. నిద్ర పడుతోంది. నడుమునొప్పి పోయింది. మట్టిని చూసి నీళ్లు అవసరమో లేదో చెప్పగలను. ఇంట్లో మాటలు మల్లా మొదలయినాయి. కొత్తవాళ్లతో కలిసి తినడం నేర్చుకున్నాను. ఇట్లా. ఒక్కటీ అబద్ధం కాదు. ఆరు నెలల ముందు ఆ బస్సెక్కిన మనిషిని కాను నేను, అది నిజం. అంత నిజమూ ఒక అబద్ధం మీద నిలబడి ఉండాదని రాయడానికి మాత్రం ఆ ఫారంలో చోటు లేదు. చోటున్నా రాసేదాన్ని కాదులెండి. పోయేటప్పుడు ఖాలా నా రెండు చేతులూ తిప్పి చూసి, "కాయ కాసినాయి చేతులు. మంచిదే" అనింది. నేను ఆమె కాళ్లకు మొక్కబోతే వద్దని గద్దించింది, మా దాంట్లో అట్ల మొక్కరాదు పో అని.

ఆ తర్వాత పోలేదు. పోదామనే అనుకుంటా ఉంటిని. పండక్కి పోదాం, ఎండలు తగ్గినాక పోదాం, ఫోన్లో అనే మాట కాదు కదా, పోయి ఎదురుగా చెప్దాం. మరుసటి ఏడు బోరు పూర్తిగా ఎండిపోయిందనీ, తోట మూసేసినారనీ, ఖాలా కదిరిలో కూతురింటికి పోయిందనీ విన్నాను. ఆమెకు మల్లా మడి రానే లేదు. ఏడాది నిండకముందే తోటే లేకుండా పోయింది. అది విన్న దినం నేను కదిరి బస్సు టైములు గూడా కనుక్కున్నాను. కనుక్కుని ఊరుకున్నాను.

గురువారం పోయినాను. మా ఇంటాయన లీవు పెట్టి నాతో వచ్చినాడు. కూతురు ఆమెను సొంతూరికే తెచ్చి పూడ్చిపెట్టిందంట, అక్కడే ఉండాలని ఖాలా ముందే చెప్పి ఉండిందంట. ఫాతిహా ప్రార్థన అయినాక అందరికీ భోజనాలు పెట్టినారు. తోటోళ్లు దాదాపు అందరూ వచ్చినారు. నన్ను చూసి నవ్వినారు, టైపక్క లావయింది అన్నారు, మా ఇంటాయనకు రెండోసారి వడ్డించినారు. తిన్నాక చిన్నక్కా నేనూ మాటల్లో పడి తోట దాకా నడిచినాము. కంచె లేదు. మడులెక్కడుండేవో గుర్తు పట్టడానికి లేకుండా కంపచెట్లు కమ్ముకున్నాయి. తొట్టి మాత్రం అట్లనే ఉంది, రేకు ఎవరో పీక్కుపోయినారు. చిన్నక్క చెప్పులో దిగిన ముల్లు తీసుకోవడానికని తొట్టి గోడ మీద కూర్చునింది. నేను నిలబడే చెప్పినాను.

"చిన్నక్కా, ఆ దినం నేను తెలీదన్నాను కదా. నాకు తెల్సు. పదైదు దినాల ముందు నుంచీ తెల్సు."

ఆయమ్మ ముల్లు మీద నుంచి తలెత్తలేదు. "తెలీకుండా యెట్లుంటాదక్కా? పొద్దున్నే వేలు పెట్టి చూసేదానివి. మాకంతా ఆ మాపటికే అర్థమయిపోయింది" అనింది.

"మరి ఒక్కరూ అడగలేదే నన్ను."

"నువ్వు బస్సుకు పోయినాక, రేపొస్తానే నిన్ను అడుగుతానని లేసినా. నా టమోటా అంతా పోయింది, నాకు మండదా? ఖాలా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. బిడ్డను పోగొట్టుకున్య మనిషి, తన చేత్తో ఏదో ఒకటి బతికిందని నమ్ముకోనీండి, మీరెవురూ అడగొద్దండి, తనంతట తనే వచ్చి చెప్తాది అనింది." ముల్లు తీసి పారేసి, చెప్పు తొడుక్కుంటా, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "శానా దినాలు చూసింది పాపం. కదిరికి పోయినాక గూడా నేను ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది, టైపక్క ఏమన్నా వచ్చిందా అని."

ఏమని చెప్పినావని నేను అడగలేకపోయినాను. చిన్నక్క లేచి నా భుజం తట్టి, పొద్దు పోతాంది పదమని ముందు నడిచింది. రోడ్డు మీద బస్సు కోసరం నిలబడినప్పుడు మా ఇంటాయన ఏమయిందని అడిగినాడు. ఆయనకు మొత్తం చెప్పినాను. గుత్తొంకాయ దాకా చెప్పినాను. ఆయన నా సంచీ తన చేతిలోకి తీసుకున్నాడు.

ఆ ఒక్క మాట చెప్పడానికి ఆ దినం నాకు ఒక నిమిషం పట్టేది కాదు. ఆ నిమిషం కోసరం ఆమె మూడేండ్లు కాచుకునింది, నేనేమో ఇంకా శానా కాలముందిలే అనుకుంటా ఉంటిని.